సినిమాలో కథాబలం

గొప్ప సినిమాకు బలమైన ఇతివృత్తం తప్పనిసరా అన్నది చలనచిత్ర విమర్శలో ఎడతెగని వివాదం. తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్తేమీ కాదు. "కథ లేనప్పుడు ఎన్ని కోట్లు పోసినా దండగే" అని ఒక సినిమా గురించి అన్న నోటితోనే, "కథేముంది గానీ, కూర్చోబెట్టేశాడు" అని మరో సినిమా గురించి అంటాడు. రెండు తీర్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి అతను మాట్లాడుతున్నది రెండు వేర్వేరు విషయాల గురించి.

ఏం జరిగిందన్నది ఒకటి. దాన్ని ఏ వరసలో, ఏది దాచి ఏది చూపి చెప్పారన్నది ఇంకొకటి. రష్యన్ రూపవాద విమర్శకులు గత శతాబ్దం తొలి దశకాల్లో ఈ రెంటినీ ఫాబులా, స్యుజెట్ అని విడదీశారు. అమెరికన్ పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ ఆ విభజనను సినిమా అధ్యయనంలో వాడుకలోకి తెచ్చాడు. మన ఫిలింనగర్‌లో ఇదే తేడాను లైన్, ట్రీట్‌మెంట్ అంటారు. లైన్ రెండు వాక్యాల్లో తేలిపోతుంది. స్టోరీ సిట్టింగుల్లో నెలల తరబడి నలిగేది ట్రీట్‌మెంటే.

నాటకశాస్త్రాల వారసత్వం

అరిస్టాటిల్ విషాదనాటకానికి ఆరు అంగాలు లెక్కగట్టి, ఇతివృత్తాన్ని అన్నిటికన్నా ముందు నిలిపి, దాన్ని ఆత్మతో పోల్చాడు. స్వభావచిత్రణ లేకపోయినా నాటకం నిలబడవచ్చు గానీ క్రియ లేకుండా నిలబడదన్నది అతని వాదం. కంటికి కనిపించే వైభవానికి అతను ఇచ్చింది చిట్టచివరి పీట. దృశ్యమే సర్వస్వమైన ఒక కళకు, దృశ్యాన్ని చివర కూర్చోబెట్టిన శాస్త్రం పాఠ్యగ్రంథం కావడం విచిత్రమే. హాలీవుడ్ స్క్రీన్‌ప్లే పాఠాలన్నీ ఇప్పటికీ అక్కణ్నుంచే మొదలవుతాయి.

భరతుడి నాట్యశాస్త్రం ఇతివృత్తాన్ని నాటకానికి శరీరంగా చెప్పింది. రసం లేకుండా ఏ అర్థమూ సాగదని మరోచోట తేల్చింది. అలాగని శరీరాన్ని తక్కువ చేసిందీ లేదు. అర్థప్రకృతులు ఐదు, అవస్థలు ఐదు, సంధులు ఐదు అంటూ ఇతివృత్త నిర్మాణాన్ని కీలుకు కీలు విప్పి చూపింది. ముఖసంధిలో పడిన బీజం నిర్వహణ సంధిలో ఫలానికి రావాలి. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే, కథ ఉందనుకునే సినిమాలనూ లేదనుకునే సినిమాలనూ ఒకే కొలతతో చూడవచ్చు. ఈ వ్యాసంలో చాలాచోట్ల చేసింది అదే.

నిడివితో వచ్చిన కథ

సినిమా కథతో పుట్టలేదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి చూపిన పది చిత్రాల్లో ఒక్కోదాని నిడివి నిమిషానికి లోపే. ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి వస్తుంటారు, తల్లిదండ్రులు పసిపాపకు తినిపిస్తుంటారు. వాటి మధ్య కథ అనదగ్గది తోటమాలి చిత్రం. కుర్రాడు వెనకనుంచి వచ్చి నీళ్ల గొట్టం తొక్కుతాడు. నీళ్లెందుకు ఆగాయా అని మాలి గొట్టం మూతిలోకి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు, మాలి ముఖం తడుస్తుంది, కుర్రాడు దొరికిపోతాడు. బీజం నుంచి ఫలం దాకా అన్నీ ఉన్నాయి. అయినా ఆనాటి జనం కదిలే బొమ్మ అన్న వింతకే వచ్చారు. సుమారు 1906 వరకు నడిచిన ఈ ధోరణికి టామ్ గన్నింగ్ అనే పండితుడు 1986లో 'ఆకర్షణల సినిమా' అని పేరు పెట్టాడు.

రీళ్లు పెరిగాక వింత ఒక్కటే చాల్లేదు. గంటన్నర సేపు జనాన్ని చీకట్లో కూర్చోబెట్టాలంటే తర్వాత ఏమవుతుందన్న ఆరాటం కావాలి. దాన్ని సినిమా నవల నుంచీ నాటకం నుంచీ అరువు తెచ్చుకుంది. ఈ అరువు మీద తిరగబడ్డవాళ్లలో గట్టివాడు జిగా వెర్తోవ్. తన 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా' (1929) కథ, నటులు, మధ్య మధ్య అక్షరాల కార్డులు ఏవీ లేని ప్రయోగమని ఆ సినిమా మొదట్లోనే ప్రకటించాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. అయితే అందులోనూ నగరం తెల్లవారుజామున నిద్ర లేస్తుంది, పనిలో పడుతుంది, సాయంత్రం ఆటపాటల్లో మునుగుతుంది. కథను గుమ్మం బయట నిలబెట్టినా, రోజు అనే వరసను మాత్రం లోపలికి రానిచ్చాడు.

బిగువైన కథలు, వాటి లోపలి గుట్టు

కథాబలం పక్షాన నిలిచేవారు చూపే ఉదాహరణలకు లోటు లేదు. 'చైనాటౌన్' (1974)కు రాబర్ట్ టౌన్ రాసిన స్క్రీన్‌ప్లే దశాబ్దాలుగా పాఠంగా నడుస్తోంది. సిడ్ ఫీల్డ్ 1979లో 'స్క్రీన్‌ప్లే' పుస్తకంతో మూడంకాల నమూనాను స్థిరపరిచాడు. మంచి స్క్రిప్టును ఓ మాదిరి దర్శకుడు కూడా గట్టెక్కించగలడు గానీ, చెడ్డ స్క్రిప్టును గొప్ప దర్శకుడు కూడా కాపాడలేడన్నది కురొసావా అభిప్రాయం. ఈ మాటను కొట్టిపారేయడం కష్టం, ఎందుకంటే అన్నవాడు 'రషోమన్' (1950) తీసినవాడు.

కానీ బిగువైన కథలకు పేరుపడ్డ చోటే తిరకాసులున్నాయి. హిచ్‌కాక్ 'మెక్‌గఫిన్' అని ఒక మాట వాడేవాడు. పాత్రలన్నీ దేనికోసమైతే ప్రాణాలకు తెగించి పరిగెడతాయో, ఆ వస్తువు ప్రేక్షకుడికి పెద్దగా పట్టదని దాని భావం. 'నొటోరియస్' (1946)లో అది వైన్ సీసాల్లో దాచిన యురేనియం ఖనిజం. చూసినవాళ్లకు గుర్తుండేది ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ గుప్పిట్లోని తాళంచెవి.

అంతకన్నా ముచ్చటైనది హోవర్డ్ హాక్స్ తీసిన 'ద బిగ్ స్లీప్' (1946) సంగతి. రేమండ్ చాండ్లర్ డిటెక్టివ్ నవల దానికి ఆధారం. స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో విలియం ఫాక్నర్ ఒకడు. డ్రైవర్‌ను చంపిందెవరో తేలక చాండ్లర్‌నే అడిగితే, తనకూ తెలియదన్నాడని సినిమా లోకంలో బాగా ప్రచారంలో ఉన్న కథ. దాన్ని పక్కన పెట్టినా, రికార్డుల్లో ఉన్నది చాలు. 1945లో తయారైన తొలి కూర్పులో నేరాల చిక్కుముడిని వివరించే సన్నివేశం ఒకటి ఉండేది. విడుదలకు ముందు దాన్ని తీసేసి, హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ కబుర్ల సన్నివేశాలు కొత్తగా తీసి చేర్చారు. కథ మరింత అర్థం కాకుండా పోయింది, సినిమా మరింత బాగుపడింది. రెండు కూర్పులూ ఇప్పుడు చూడటానికి దొరుకుతాయి కాబట్టి ఇది అనుమానం ఉన్నవాళ్లు సొంతంగా తేల్చుకోదగ్గ విషయం.

తెలిసిన కథ: మాయాబజార్

తర్వాత ఏమవుతుందన్న ఆరాటమే కథాబలమైతే, తెలుగువాళ్లు నెత్తిన పెట్టుకున్న సినిమాల్లో సగానికి ఆ బలం లేనట్టే. రాముడు సీతను అడవికి పంపుతాడని తెలియక 'లవకుశ' (1963)కు బళ్లు కట్టుకుని వెళ్లినవాళ్లెవరూ లేరు. హరికథ, తోలుబొమ్మలాట, పద్యనాటకం అలవాటు చేసిన చూపు అది. కృష్ణరాయబారం నాటకంలో పద్యం రక్తి కడితే జనం 'వన్స్ మోర్' అని కేకవేసేవారు. యుద్ధమా సంధా అన్నది అక్కడే ఆగిపోయి, కృష్ణుడు రాగాన్ని మళ్లీ అందుకునేవాడు. కథ ఎక్కడికీ పోదని ఇద్దరికీ తెలుసు.

1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' ఈ చూపుకు తగ్గ సినిమా. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అయినా ఇంటింటికీ తెలిసిన కథ. 1936లోనే ఒకసారి తెరకెక్కింది. విజయా సంస్థకు కె.వి.రెడ్డి దర్శకత్వంలో మళ్లీ తీసేటప్పుడు పింగళి నాగేంద్రరావు రచనలో దాన్ని బిగించిన తీరు మాత్రం కొత్తది. పాండవుల బంధువర్గం చుట్టూ తిరిగే సినిమాలో పాండవులు ఒక్కరూ తెరమీదికి రారు. వాళ్లు వచ్చి ఉంటే కథ జూదం వైపు, యుద్ధం వైపు జారిపోయేది.

దగ్గరగా చూడాల్సినవి రెండు వస్తువులు. ప్రియదర్శిని పేటిక తెరిచినవాళ్లకు ఇష్టమైనదాన్ని చూపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు, బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు, కృష్ణుడు తెరిస్తే శకుని కనిపిస్తారు. ఇక ముందు ఏ పాత్ర ఎటు మొగ్గబోతోందో మాటతో పనిలేకుండా ఆ ఒక్క సరదా ఆటలో తేలిపోయింది. సత్యపీఠం ఎక్కినవాళ్ల నోట నిజం తప్ప రాదు. చివర్లో శకుని దానిమీద నిలబడి తన కుట్రంతా తనే కక్కేస్తాడు. బీజం, నిర్వహణ అని భరతుడు చెప్పినవి ఇంతకన్నా తేటగా చూపడం కష్టం. అయితే జనం ఈ సినిమాను పదేపదే చూసేది శకుని గుట్టు రట్టవడానికి కాదు. ఘటోత్కచుడు పెళ్లివంటలు ఖాళీ చేయడం చూడాలి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి సిగ్గుపడబోయి మగరాయుడిలా అడుగేయడం చూడాలి. కథ ఇంత గట్టిగా ఉండబట్టే ఇలాంటి చోట్ల తీరిగ్గా ఆగే వీలు చిక్కింది. మన విమర్శలో 'కథ బలంగా ఉంది' అని ఒక ముక్కలో తేల్చేసే సినిమాల్లో చాలావాటి అసలు బలం, కథ ఎప్పుడు తప్పుకోవాలో తెలిసి ఉండటమే.

ఏమీ జరగని సినిమాలు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలో చెజారే జవాత్తీని అనే రచయిత, ఏ విశేషమూ జరగని ఒక మనిషి బతుకులో తొంభై నిమిషాలను తెరమీద చూపాలని కలగన్నాడు. ఆయన రచనతో దె సీకా తీసిన 'బైసికిల్ థీవ్స్' (1948) మాత్రం అలాంటిది కాదు. సైకిల్ పోవడం, వెతకడం, చివరికి పోగొట్టుకున్నవాడే దొంగతనానికి దిగడం అన్నీ పకడ్బందీగా అల్లుకున్న కథ అది. కలకు దగ్గరగా వచ్చింది 'ఉంబెర్తో డి' (1952)లోని పనిపిల్ల ఉదయం. నిద్ర లేస్తుంది, గోడమీద చీమల మీద నీళ్లు చల్లుతుంది, కాఫీ గింజలు తిప్పుతూ కూర్చునే కాలు చాచి తలుపు మూయడానికి చూస్తుంది. కథ అంగుళం కదలదు. ఆ పిల్ల కడుపుతో ఉందన్న సంగతి మనకు తెలుసు కాబట్టి చూపు తిప్పుకోలేం.

జపాన్‌లో ఒజు 'టోక్యో స్టోరీ' (1953) లైన్ చెప్పమంటే ఒక్క వాక్యం చాలు: ముసలి దంపతులు పిల్లల్ని చూడటానికి పట్నం వెళ్లి, వాళ్లకు తీరిక లేక తిరిగొస్తారు, తల్లి పోతుంది. మామూలు దర్శకుడు పిండుకునే ఘట్టాన్ని ఒజు వదిలేశాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో తల్లికి ఒంట్లో బాగోకపోవడం మనం చూడం. ఒసాకాలో ఉండే కొడుకు ఆఫీసులో తోటివాడితో అంటుంటే వింటాం. సంఘటనను దాచి దాని నీడను చూపడం కథ లేకపోవడం అవుతుందా? 2012లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' నడిపిన సర్వేలో దర్శకులు మొదటి స్థానం ఈ సినిమాకే ఇచ్చారు.

'పథేర్ పాంచాలి' (1955) దగ్గర కాసేపు ఆగాలి. బిభూతిభూషణ్ నవలలోని తీరుతెన్నూ లేని నడకను తాను కావాలనే ఉంచానని, పల్లె బతుకు అలాగే నడుస్తుందని సత్యజిత్ రాయ్ చెప్పారు. పూర్తి స్క్రిప్టు కూడా లేదు, గీసుకున్న బొమ్మలూ రాసుకున్న నోట్సులే. దాంతో ఇది కథ లేని సినిమాల జాబితాలోకి ఎక్కిపోయింది. కానీ పూసల దండ సంగతి గుర్తు తెచ్చుకోండి. దుర్గ దాన్ని దొంగిలించిందని పక్కింటివాళ్లు రచ్చ చేస్తారు. ఆమె కాదంటుంది, తల్లి ఆమెను కొడుతుంది. సినిమా దాన్ని మరిచిపోతుంది, మనమూ మరిచిపోతాం. దుర్గ చనిపోయాక, ఊరొదిలి పోవడానికి సామాన్లు సర్దుతుంటే కొబ్బరి చిప్పలో ఆ దండ ఆమె తమ్ముడు అపూకు దొరుకుతుంది. ఎవరికీ చెప్పకుండా చెరువులో విసిరేస్తాడు. నాచు విడి, మళ్లీ మూసుకుంటుంది. శకుని సత్యపీఠం ఎక్కడానికీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. అక్కడ నిజం సభ మధ్యలో బయటపడింది, ఇక్కడ ఒక పిల్లవాడు దాన్ని నీళ్లలో దాచాడు.

చాంతాల్ అకెర్మన్ 'జాన్ దీల్మన్' (1975)ది మరీ విపరీతం. పాతికేళ్లు నిండకముందే ఆమె తీసిన ఈ సినిమా నిడివి 201 నిమిషాలు. బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు మూడు రోజుల దినచర్య. వంట, పరుపు సర్దడం, బజారు, కొడుకు భోజనం, మధ్యాహ్నం ఇంటికొచ్చే విటుడు. మొదటి రోజు అన్నీ గడియారంలా జరుగుతాయి. రెండో రోజు బంగాళాదుంపలు మెత్తగా ఉడికిపోతాయి. ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పారబోయాలో తోచక గదుల మధ్య తిరుగుతుంది. అంతే జరిగింది. కానీ అప్పటికి గంటకు పైగా ఆమె క్రమాన్ని చూసిన ప్రేక్షకుడికి అది ప్రమాద ఘంటికలా వినిపిస్తుంది. మూడో రోజు పార్శిల్ విప్పడానికి తెచ్చిన కత్తెర పడగ్గదిలో ఉండిపోతుంది. దానితోనే ఆమె విటుణ్ని పొడుస్తుంది. బీజం, ఫలం మళ్లీ పక్కాగా ఉన్నాయి. కాకపోతే రెంటి మధ్యా దూరాన్ని వంటపనితో నింపింది. 2022 నాటి సైట్ అండ్ సౌండ్ విమర్శకుల సర్వేలో ఇది మొదటి స్థానంలోకి వచ్చింది. అంతకుముందు ఆ స్థానంలో ఉన్నది 'వర్టిగో', దానికి ముందు ఐదు దశాబ్దాల పాటు 'సిటిజన్ కేన్'. అవి రెండూ చిక్కని కథలున్నవే.

ఈ కొలతకు నిజంగా లొంగనిది ఆంతోనియోనీ 'లవెంతూరా' (1960). ద్వీపంలో అన్నా అనే యువతి మాయమవుతుంది. వెతుకుతారు, దొరకదు, వెతికేవాళ్లు నెమ్మదిగా ఆమెను మరిచిపోతారు. చివరికీ ఏమైందో చెప్పరు. నాటిన విత్తనాన్ని దర్శకుడే బుద్ధిపూర్వకంగా వదిలేశాడు. కాన్స్ ఉత్సవంలో జనం గోల చేశారు, జ్యూరీ బహుమతి ఇచ్చింది. తార్కోవ్‌స్కీ 'మిర్రర్' (1975) విషయానికొస్తే, దృశ్యాలను ఇరవైకి పైగా వరసల్లో పేర్చి చూశాక గానీ సినిమా నిలబడలేదని అతనే రాసుకున్నాడు. కథ ఉంటే వరస అదే చెబుతుంది. లేనప్పుడు ఆ చాకిరీ అంతా ఎడిటింగ్ టేబుల్ మీద పడుతుంది. కథ అక్కర్లేదని హుషారుగా చెప్పే కుర్ర దర్శకులు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

పూర్తిగా కథను వదిలేసినవి సాధారణంగా చిన్నవిగానో, సంగీతాన్ని ఆసరా చేసుకునో ఉంటాయి. స్టాన్ బ్రాకేజ్ చిమ్మటల రెక్కల్ని ఫిల్మ్‌కు అతికించి చేసిన 'మాత్‌లైట్' (1963) నాలుగు నిమిషాల లోపే. మాటలు లేని 'కోయానిస్కాట్సీ' (1982)ని గంటన్నర నడిపించింది ఫిలిప్ గ్లాస్ సంగీతం.

తెలుగు తెరమీద

మన సినిమాకు పాట, కామెడీ ట్రాక్, ఇంటర్వెల్ అనే మూడు ఆటంకాలు ముందే రాసిపెట్టి ఉన్నాయి. అందుకే ఇక్కడి స్క్రీన్‌ప్లే మూడంకాల లెక్కకు ఎప్పుడూ సరిగ్గా ఒదగదు. దానికి రెండు శిఖరాలు కావాలి, ఒకటి ఇంటర్వెల్ బ్యాంగ్, రెండోది క్లైమాక్స్. 'బాహుబలి' మొదటి భాగం (2015) ఈ లెక్కను ఇంకా సాగదీసి, బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నతో రెండేళ్ల పొడవైన ఇంటర్వెల్ ఇచ్చింది. 2017లో జవాబు తెలిసిపోయాక కూడా జనం మళ్లీ మళ్లీ వెళ్లారంటే, వాళ్లను రప్పించింది జవాబు ఒక్కటే కాదు.

'శంకరాభరణం' (1980) కథలో మలుపులు లేకపోలేదు. అయినా కె.విశ్వనాథ్ దాన్ని నడిపింది సంగీతం మీద. సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి వైభవం తగ్గడం, కచేరీలకు జనం పలచబడటం సంఘటనలుగా కాక వాతావరణంగా తెలుస్తాయి. కె.వి.మహదేవన్ పాటలు తీసేసి ఆ కథను కాగితం మీద చదివితే మిగిలేది తక్కువ. విశ్వనాథే దాన్ని హిందీలో 'సుర్ సంగమ్' (1985)గా మళ్లీ తీస్తే మూలానికి దక్కిన ఆదరణ రాలేదు. మలయాళ 'దృశ్యం' (2013) దీనికి తలకిందులు. జీతూ జోసెఫ్ అల్లిన ఆ కథ తెలుగులో వెంకటేశ్‌తో (2014), కన్నడంలో, తమిళంలో, హిందీలో, సింహళంలో, చివరికి చైనా భాషలో కూడా నడిచింది. నటులు, ఊళ్లు, దర్శకులు మారినా చెక్కుచెదరలేదు. కథాబలం ఎక్కడ ఎంతుందో చూడాలంటే రీమేక్ మంచి పరీక్ష. పరీక్షలో నెగ్గిందల్లా గొప్ప సినిమా అని మాత్రం కాదు. అది కొలిచేది ఒక్క అంగాన్నే.

వంశీ 'లేడీస్ టైలర్' (1986)కు లైన్ చెబితే నవ్వొస్తుంది: తొడమీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని పెళ్లాడితే అదృష్టం పడుతుందని దర్జీ వెతుకులాట. సినిమాను మోసింది ఆ గోదావరి పల్లె, అక్కడి మనుషుల మాట. మరోవైపు బి.నర్సింగరావు 'దాసి' (1988) ఉంది. కట్నంతో పాటు గడీకి వచ్చిన కమలాక్షి చాకిరీయే దాదాపు సినిమా అంతా. మాటలు తక్కువ. దొర వల్ల గర్భం రావడం, దాన్ని తీయించుకోక తప్పకపోవడం అన్న ఒక్క ఘట్టం మీద కథ మొత్తం ఆనుతుంది. అర్చనకు ఉత్తమ నటిగా, అపూర్వ కిశోర్ బీర్‌కు ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. అకెర్మన్ సినిమాను మెచ్చుకునే మనవాళ్లు దీన్ని పక్కన పెట్టి చూడరెందుకో అర్థం కాదు. ఇల్లు తుడవడంలో, అడుగుల కింద అణిగి ఉండటంలో బానిసత్వం ఎలా రోజుకింత పేరుకుంటుందో రెంటిలోనూ ఉంది.

ఇటీవలి వాటిలో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018) ఈ చర్చకు బాగా పనికొస్తుంది. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే ఎక్కువగా నటించారు. బడి పిల్లవాడు సుందరం, కుర్రాడు జోసెఫ్, సారా కొట్టు దగ్గర గడ్డం, పెళ్లి కాకుండా నడివయసు దాటుతున్న అటెండర్ రాజు. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నింపాదిగా నడుస్తాయి. ఒకదానికొకటి సంబంధం లేని పేట ముచ్చట్లేమో అనిపిస్తుంది. చివర్లో ఆ నలుగురూ ఒకే మనిషని తెలుస్తుంది. థియేటర్లలో ఈలలు పడ్డది అక్కడే, జనం నోట సినిమా పాకింది కూడా ఆ ముడి వల్లే. కానీ ఆ ముడి పడకపోయినా రాజు, అతని ప్రేమకథలోని రాధల మధ్య ఆఫీసు వరండాలో జరిగే మాటలు అంతే బాగుండేవి. రెండోసారి చూసినవాళ్లు ఆ మాటల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు.